వీడికింకా మాటలు రాలేదేంటి?

రాత్రి పదిన్నరకి మా చెల్లెలు ఫోన్ చేసింది. అందరూ పడుకున్నాక బాల్కనీలోకి వచ్చి చేసినట్టుంది, గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

‘‘అక్కా, ఇవాళ పై ఫ్లోర్ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. వాళ్ళ పాప మా వాడికంటే పన్నెండు రోజులే పెద్ద. ‘ఆంటీ, పసాదం పెట్టు’ అంటోందే! మా వాడేమో ‘కా, కా’ అంటూ కిటికీ వైపు చూపిస్తున్నాడు. అందరూ వాడి వంకా నా వంకా చూశారు.’’

వాడికప్పుడు ఇరవై నెలలు. అత్తగారు ‘‘మగపిల్లలకి ఆలస్యమేనమ్మా, మీ ఆయనకీ మూడేళ్ళకి వచ్చాయి’’ అన్నారట. పక్కన కూర్చున్నావిడ ‘‘మా తోడికోడలి కొడుక్కీ ఇలాగే అనుకున్నాం, చివరికి ఆటిజం అన్నారు’’ అందట. ఒకరు ధైర్యం చెప్పారు, ఒకరు భయపెట్టారు. ఇద్దరిలో ఎవరూ పిల్లవాణ్ణి చూసి మాట్లాడలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే బస్సెక్కి విజయవాడ వెళ్ళాను. ఒక నోటుపుస్తకం పట్టుకుని రోజంతా వాడి వెనకాలే తిరిగాను. వాడి నోట్లోంచి వచ్చిన ప్రతి శబ్దాన్నీ, అది దేన్ని చూసి అన్నాడో రాసుకుంటూ పోయాను.

‘కా’ అంటే కాకి. పావురం వాలితే అనలేదు, కాకి వాలితేనే అన్నాడు. ‘బ్బూ’ అంటే చక్రాలున్నది ఏదైనా సరే: స్కూటరు, ఆటో, వాటర్ క్యాన్ల బండి. స్నానానికి ‘లాల’. దేవుడి అలమర ముందు చేతులు జోడించి ‘జేజ’. పాలగ్లాసు బోర్లించి, చుక్క కూడా లేదని చూపిస్తూ ‘అయ్‌పోయి’. పెరుగన్నం ముద్ద దగ్గరికి రాగానే ‘అద్దు’. సాయంత్రం కూర్చుని లెక్కేస్తే ఇరవై ఏడు వచ్చాయి. మా చెల్లెలి లెక్కలో ఆరే ఉన్నాయి. స్పష్టంగా, పెద్దవాళ్ళు పలికినట్టు పలికినవే అది మాటలనుకుంది. చాలామంది తల్లిదండ్రులు అలాగే అనుకుంటారు. ఒకే వస్తువుకో ఒకే అవసరానికో ప్రతిసారీ అదే శబ్దం వాడుతున్నాడంటే, ఎంత వంకరగా పలికినా అది మాటే. పిల్లల భాషను పరిశోధించేవాళ్ళు లెక్కపెట్టే పద్ధతీ ఇదే. జంతువుల కూతలు కూడా అందులో చేరతాయి.

ఇంకో పని చేశాను. చేత్తో చూపించకుండా, కళ్ళు కూడా అటు తిప్పకుండా ‘‘నాన్న కళ్ళజోడు ఏదిరా?’’ అన్నాను. వాడు తిన్నగా టీవీ కింద అలమర దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మళ్ళీ నా ముఖంలోకి చూసి నవ్వాడు. అప్పుడు నాకు సగం బెంగ తీరింది. ఎందుకు తీరిందో చెప్పడానికే ఈ కథనం.

అరవై మాటలూ మామూలే, అయిదు వందలూ మామూలే

పిల్లల తొలిమాటల మీద అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 1994లో అచ్చయింది. లారీ ఫెన్సన్, ఎలిజబెత్ బేట్స్ తదితరులు 1,800 మందికి పైగా పిల్లల తల్లిదండ్రులకు మాటల జాబితాలు ఇచ్చి, మీ బిడ్డ వీటిలో ఏవి అంటోందో గుర్తుపెట్టమన్నారు. నడక వచ్చిన పిల్లల జాబితాలో 680 మాటలున్నాయి. సరిగ్గా రెండేళ్ళు నిండిన పిల్లల్లో నడిమి వరసలో ఉన్నవాళ్ళు సుమారు 300 మాటలు అంటున్నారు. ముందు వరసలోని పదిశాతం మంది 500 దాటేశారు. చివరి పదిశాతం మందికి 60 కూడా లేవు. వీళ్ళందరిదీ ఒకే వయసు, ఒకే భాష. ఎత్తులోనో బరువులోనో ఒకే వయసు పిల్లల మధ్య ఇన్ని రెట్ల తేడా ఎక్కడా కనిపించదు.

అదే పద్ధతిని ఆ తర్వాత ఎన్నో భాషలకు మార్చుకున్నారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ వివరాలన్నిటినీ ‘వర్డ్‌బ్యాంక్’ అనే ఒకచోట పోగేశారు. మైకేల్ ఫ్రాంక్, ఆయన సహచరులు 2021లో దాని మీద ఒక పుస్తకమే తెచ్చారు. భాష ఏదైనా ఈ ఎచ్చుతగ్గులు ఉన్నాయి. దాదాపు అన్ని భాషల్లోనూ ఆడపిల్లలు మగపిల్లలకంటే కాస్త ముందున్నారు. కాబట్టి అత్తగారి మాటలో కొంత నిజముంది. కానీ ఆ తేడా కొద్ది వారాలదీ నెలలదీ. మగపిల్లవాడు కదా అని మూడేళ్ళ వరకూ ఊరుకోవచ్చని దానర్థం కాదు.

గీత ఎక్కడ గీయాలో నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. రెండేళ్ళకు యాభై మాటలు, రెండు మాటలు కలిపి అనడం ఉండాలని లెస్లీ రెస్కోర్లా అనే పరిశోధకురాలు 1989లో ఒక కొలత పెట్టారు. అది అందుకోని పిల్లల్ని ‘ఆలస్యంగా మాట్లాడేవాళ్ళు’ అంటారు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో తన పట్టికను మార్చి, యాభై మాటల్ని ముప్ఫై నెలల గడిలో పెట్టింది. స్పీచ్ థెరపిస్టులు ఒప్పుకోలేదు. ఆర్నెల్లు వెనక్కి జరిపితే సాయం అందాల్సిన పిల్లలకు ఆలస్యమవుతుందన్నారు. వాళ్ళ మాటే నాకు సబబనిపిస్తుంది. రెండేళ్ళకు ఆలస్యంగా ఉన్నవాళ్ళలో సగానికి పైగా బడికి వెళ్ళే వయసుకి మిగతావాళ్ళను అందుకుంటారు, అది నిజం. అందుకోనివాళ్ళు ఎవరో రెండేళ్ళప్పుడే ముఖం చూసి చెప్పలేం, అదీ నిజమే.

బువ్వ, లాల, జేజే

డార్విన్ పేరు చెబితే మనకు కోతులూ మనుషులూ గుర్తొస్తారు. ఆయన తన పెద్దకొడుకు విలియం పసితనాన్ని కూడా అంతే శ్రద్ధగా రాసిపెట్టుకున్నాడు. పిల్లవాడు పుట్టింది 1839 డిసెంబరులో. ఆ నోట్సును వ్యాసంగా ‘మైండ్’ పత్రికకు ఇచ్చింది 1877లో. సరిగ్గా ఏడాది నిండే వేళకి ఆ పిల్లవాడు అన్నానికి తనే ఒక మాట కనిపెట్టుకున్నాడట: ‘మమ్’. ఆకలేస్తే ఏడవడం మాని ‘మమ్’ అనడం మొదలెట్టాడని తండ్రి రాశాడు.

పెదవులు మూసి తెరిస్తే వచ్చే మ, బ, ప లు పసినోటికి సులువు. పాలు తాగుతూ ముక్కుతో చేసే మూలుగులోంచే ‘మ’ వచ్చి తల్లికి పేరైందని భాషావేత్త రోమన్ యాకబ్సన్ వాదించాడు. మన ఇళ్ళలో పసివాళ్ళతో వాడే మాటలు ఒకసారి నెమరేసుకోండి. బువ్వ, లాల, జేజే, జోజో, బజ్జో, బూచి, చిచ్చీ. రెండేసి అక్షరాలు, ఒకటే శబ్దం రెండుసార్లు, లేదా ఒత్తు. మన చుట్టరికాలు చూడండి: అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త, తాత, అవ్వ, మామ. నోరు తిరగని పిల్ల కూడా పిలవగలిగిన పేర్లే అన్నీ. ముద్దుమాటలు వాడితే పిల్లలు అలాగే ఉండిపోతారని ఈమధ్య కొందరు బువ్వను మానేసి ‘ఫుడ్’ అంటున్నారు. ఆ భయం అక్కర్లేదు. సాగదీసి, శ్రుతి పెంచి, పాడినట్టుగా మాట్లాడే అమ్మల మాటనే పసివాళ్ళు ఇష్టంగా వింటారని ఎన్నో ప్రయోగాలు తేల్చాయి.

ఇక ‘ర’, ‘ళ’ ఆఖరున వస్తాయి. రైలు ‘లైలు’ అవుతుంది, కారు ‘కాలు’ అవుతుంది. మూడు, నాలుగేళ్ళ వరకూ అలా ఉన్నా కంగారుపడేదేం లేదు. పలుకు తేలకపోవడం వేరు, మాటే రాకపోవడం వేరు.

ఇంకో సంగతి మన భాష వాళ్ళుగా మనం గర్వపడేది. వాంకూవర్‌లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ఒక ప్రయోగం అచ్చువేశారు. హిందీలోని (మన తెలుగులోనూ ఉన్న) ‘త’, ‘ట’ల తేడాను ఇంగ్లిష్ మాట్లాడే పెద్దవాళ్ళు చాలావరకూ పట్టుకోలేరు. వాళ్ళ ఇళ్ళలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్ళు మాత్రం చక్కగా పట్టుకున్నారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ పిల్లలూ పోగొట్టుకున్నారు. తమ ఇంట్లో అక్కర్లేని తేడా కాబట్టి చెవి దాన్ని వదిలేసింది. ‘తాత’కీ ‘టాటా’కీ ఉన్న తేడాను మన పిల్లలు ఆ వయసులోనే గట్టిగా పట్టుకుంటున్నారన్నమాట. నోరు ఒక్క మాటైనా అనకముందే చెవి ఇంత పని చేసేస్తోంది. ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకే కొన్ని తినే వస్తువుల పేర్లూ, ఒంటి భాగాల పేర్లూ అర్థమవుతాయని 2012లో ఎలికా బెర్గల్సన్, డేనియల్ స్వింగ్లీ చూపించారు.

అందుకే కళ్ళజోడు తెచ్చిన మా వాణ్ణి చూసి నాకు సగం బెంగ తీరింది. విన్నాడు, అర్థం చేసుకున్నాడు, తెచ్చి ఇచ్చి నా కళ్ళలోకి చూశాడు. కిటికీ వైపు వేలు పెట్టి ‘కా’ అనడం కూడా చిన్న సంగతి కాదు. తను చూసింది నన్నూ చూడమంటున్నాడు. పిల్లలు ఒక మాటకు ఒక సైగ జోడించిన కొన్ని నెలలకే రెండు మాటలు జోడిస్తారని జేన ఐవర్సన్, సూసన్ గోల్డిన్-మెడో 2005లో రాశారు. చెప్పు చూపించి ‘నాన్న’ అన్నవాడు ‘నాన్న చెప్పు’కి దగ్గరలో ఉన్నట్టే.

ఒక్కో బిడ్డది ఒక్కో దారి

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వయసును పుట్టిన తేదీ నుంచి కాక, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. ఇది మరిచిపోయి కుమిలిపోయే తల్లులున్నారు. ఇంట్లో ఎవరికైనా మాటలు ఆలస్యమైతే పిల్లలకూ అవ్వొచ్చు. రెండో బిడ్డకు అమ్మ ఒళ్ళో కూర్చుని ఒంటరిగా మాట్లాడించుకునే వేళ తక్కువ, కాబట్టి మాటలు కాస్త నెమ్మది. అయితే అమ్మా అక్కా మాట్లాడుకుంటుంటే విని ‘నేను, నువ్వు’ త్వరగా పట్టేస్తారు.

స్వభావాలూ వేరు. కేథరిన్ నెల్సన్ 1973లో పద్ధెనిమిది మంది పిల్లల్ని గమనించి రెండు తీరులు చెప్పింది. కొందరు వస్తువుల పేర్లు పోగేస్తారు. కొందరు మనుషులతో పని నడిపే మాటలు పోగేస్తారు. మన దగ్గర ఒక పాప బంతి, పిల్లి, గిన్నె అంటూ ఉంటుంది, ఇంకో పాప ‘ఏంటది’, ‘దా’, ‘పోదాం’, ‘ఇంకా’ అంటూ ఉంటుంది. తెలుగులో క్రియ ఒక్కటే నిలబడి వాక్యమైపోతుంది. ‘వచ్చింది’ అంటే చాలు, ఏది వచ్చిందో ఎదుటివాళ్ళకి తెలుసు. కాబట్టి ఇంగ్లిష్ జాబితా ముందేసుకుని, మా పిల్లకి యాపిల్ రాదు, ఏనుగు రాదు అని లెక్కపెట్టడం సరైన కొలత కాదు.

రెండు భాషల సంగతి. డాలస్‌లోనో బెంగళూరులోనో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు ‘బిడ్డ తికమకపడుతోంది, ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడండి’ అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆ సలహాకు ఆధారం లేదు. రెండు భాషలు వినే పిల్లలకు ఒక్కో భాషలో మాటలు కాస్త తక్కువ ఉండొచ్చు. రెండిటివీ కలిపి లెక్కేస్తే ఒకే భాష పిల్లలతో సమానంగా ఉంటాయి. తెలుగు మానేసినందువల్ల మాట త్వరగా రాదు, అమ్మమ్మతో మాట్లాడే దారి మాత్రం మూసుకుపోతుంది.

ఫోను గురించి రాయక తప్పదు. ముద్ద దిగడానికి చేతిలో ఫోను పెట్టని ఇల్లు ఇప్పుడు అరుదు. ఆ పిల్లల్లో కొందరు ఇంగ్లిష్ రైమ్ మొత్తం అప్పజెబుతారు, రంగులన్నీ చెబుతారు, కానీ దాహమేస్తే ‘నీళ్ళు’ అని అడగరు. ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు పన్నెండు విడతలు చైనీస్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష శబ్దాలు పట్టుకున్నారు. అదే మనిషిని వీడియోలో చూపిస్తే ఏమీ పట్టుకోలేదు. తెర ఎదురుమాట చెప్పదు, పిల్ల ‘ఊ’ కొడితే ఆగి వినదు. రెండేళ్ళలోపు తెర అసలే వద్దని మన భారత పిల్లల వైద్యుల సంఘం కూడా చెప్పింది.

వస, చిలక కొరికిన పండు

మాటలు గలగలా వస్తాయని మన ఊళ్ళలో వసకొమ్ము అరగదీసి నాలుకకి రాస్తారు. ఎక్కువ మాట్లాడే పిల్లని వసపిట్ట అనడం అందుకే. చిలక కొరికిన జామపండు తినిపిస్తారు. జామపండు మామూలు పండే. వస సంగతి వేరు. అందులోని ఆసరోన్ అనే పదార్థం మంచిది కాదని అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించింది. పసివాళ్ళ నాలుక మీద వస పెట్టకండి. ‘నాలుక మందం’ అనీ, నాలుక కింద తీగ కోయిస్తే మాటలొస్తాయనీ అంటారు. ఆ తీగ వల్ల కొన్ని శబ్దాలు సరిగా పలకలేకపోవచ్చు, పాలు తాగడం కష్టం కావచ్చు. మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

వీటన్నిటి వల్లా జరిగే పెద్ద నష్టం కాలం గడిచిపోవడం. అది మా ఇంట్లోనే జరిగింది.

మా మేనత్త మనవడు. వాడి అమ్మానాన్నలది మేనరికం. రెండేళ్ళు వచ్చినా ‘ఆ’, ‘ఊ’ తప్ప ఏమీ లేదు. ‘‘వాళ్ళ తాతకీ ఆలస్యమే’’ అన్నాం. ఐన్‌స్టీన్‌కీ ఆలస్యంగా వచ్చాయట అన్నవాణ్ణి నేనెరుగుదును, మా బంధువే. చెవులు వినపడవేమోనని ఎవరైనా అంటే మేనత్త ఒప్పుకునేది కాదు. ‘‘కుక్కరు కూత వేస్తే తిరిగి చూస్తాడు, టపాసులకి ఉలిక్కిపడతాడు, చెవుడెందుకుంటుంది?’’ అనేది. ఒక డాక్టరు కూడా భుజం తట్టి ‘మూడేళ్ళు రానివ్వండి’ అన్నాడు. మూడేళ్ళ రెండు నెలలకి బెరా అనే చెవి పరీక్ష చేశారు. రెండు చెవుల్లోనూ తీవ్రమైన లోపం. కుక్కరు కూత వినిపించేది, పక్కన కూర్చున్న అమ్మ మాట వినిపించేది కాదు. ఆపరేషన్ చేసి కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు. వాడికిప్పుడు పదకొండేళ్ళు, బడికెళుతున్నాడు, మాట్లాడతాడు. మాట కోసం వాడు పడే శ్రమ చూస్తే, మేం పోగొట్టిన కాలం ఇప్పటికీ నా కళ్ళముందు మెదులుతుంది.

పుట్టుకతో వినికిడి లోపం వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురికి ఉంటుంది. మేనరికాల్లో ఎక్కువ. మోసపోవడం కూడా తేలిక, ఎందుకంటే వినపడని బిడ్డ కూడా మొదటి నెలల్లో కూనిరాగాలు తీస్తుంది. ఏడెనిమిది నెలలప్పుడు వచ్చే ‘బబబ, దదద’ల దగ్గర తేడా బయటపడుతుంది. పుట్టినప్పుడు బాగున్న చెవి తర్వాత దెబ్బతినొచ్చు కూడా. జలుబులు మానక చెవి లోపల ద్రవం నిలిచినా మాట మసకగా వినిపిస్తుంది. పుట్టిన నెలలోపు చెవి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు: ఇది ప్రపంచమంతా పాటించాలనుకుంటున్న లెక్క. ఓఏఈ పరీక్షలో చెవిలో చిన్న గొట్టం పెట్టి శబ్దం పంపుతారు, లోపలి చెవి తిరిగి ఇచ్చే ప్రతిధ్వనిని యంత్రం పట్టుకుంటుంది. అయిదు నిమిషాల పని. బెరాకి బిడ్డ నిద్రపోవాలి, తలకి తీగలు అంటించి శబ్దానికి మెదడు ఎలా స్పందిస్తోందో చూస్తారు. రెండూ నొప్పి లేనివే.

మా చెల్లెలి కొడుక్కీ చెవి పరీక్ష చేయించాం. నాకు బెంగ సగమే తీరిందన్నది అందుకే. చెవులు బాగున్నాయి. ఫోను పక్కన పెట్టేశారు. ఇప్పుడు ఇరవై ఎనిమిది నెలలు. మొన్న వీడియో కాల్‌లో ‘‘పెద్దమ్మా, కాకి పోయింది’’ అన్నాడు.

ఏడాది నిండినా బిడ్డ ‘బబబ’ అనకపోయినా, వేలితో చూపించకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, పదహారు నెలలకి ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్ళకి సొంతంగా రెండు మాటలు కలపకపోయినా ఆగకండి. వచ్చిన మాటలు పోతుంటే, ఏ వయసులోనైనా సరే, వెంటనే వెళ్ళండి. జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. దాని వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వస్తాయి, అక్కణ్ణుంచి డీఈఐసీ అనే జిల్లా కేంద్రాలకు పంపుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మానసిక ఎదుగుదల లోపాల జాతీయ సంస్థ ఉంది, అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఉంది. పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్లు ఆరోగ్యశ్రీ కింద చేయించుకున్న కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి.

మీ ఇంట్లో, మీ వీధిలో మాట రాని పసివాడు ఉంటే, వాళ్ళమ్మకి ధైర్యం చెప్పే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘‘చెవి పరీక్ష చేయించారా?’’ లేదంటే, వీలైతే తోడు వెళ్ళి ఈ వారమే చేయించండి.